నా ఉత్తరం నాన్న నవలలో ఉంది, నాన్న మాత్రం రాలేదు

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. వయసు 53, బ్యాంకులో ఉద్యోగం, కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. ఆవిడ నాన్నగారు పేరున్న నవలా రచయిత. వారపత్రిక ఇంటికి రాగానే సీరియల్ కోసం ముందు నేనంటే ముందు నేనని లాక్కుని చదివిన రోజుల్లో, ఒకేసారి మూడు పత్రికలకి రాసిన మనిషి. విజయవాడలో ఇల్లు. ముందు గది నాన్నగారిది. ఆ తలుపు వేసి ఉంటే ఇంట్లో ఎవరూ గొంతెత్తకూడదు. ఆ వారం భాగం కోసం పత్రికాఫీసు కుర్రాడు వరండాలో స్టూలు మీద కూర్చుని ఉండేవాడట. "మాకన్నా ఆ అబ్బాయే నాన్నని ఎక్కువసార్లు చూశాడేమో" అని రాశారు.

1983లో, పదకొండేళ్లప్పుడు, ఆవిడని వేరే ఊళ్లో హాస్టల్లో చేర్చారు. చేరిన మూడో వారం నాన్నకి ఇన్‌లాండ్ లెటర్ రాసింది ఆ పిల్ల. సాయంత్రం ప్రేయర్ అయ్యాక గేటు దగ్గర నిలబడుతున్నానని, బస్సు హారన్ వినిపించినప్పుడల్లా మీరే దిగుతున్నారేమోనని చూస్తున్నానని, అన్నంలో పురుగులు వస్తున్నాయంటే వార్డెన్ కొట్టిందని, ఇంటికి తీసుకుపొమ్మని. జవాబు రాలేదు. పది రోజులకి నలభై రూపాయల మనియార్డరు వచ్చింది. కింది ముక్కలో "బాగా చదువుకో" అని రెండు మాటలు.

మరుసటి ఏడాది మొదలైన సీరియల్లో ఆ ఉత్తరం ఉంది, ఒక్క మాట మారకుండా. నవలలో తండ్రి మాత్రం ఉత్తరం అందిన రాత్రే చివరి బస్సు పట్టుకుని వెళ్లి, వానలో తడుస్తూ గేటు తీయించి, కూతుర్ని భుజాన వేసుకుని ఇంటికి తెస్తాడు. ఆ ఘట్టం చదివి ఏడవని వాళ్లు లేరంటారు. ఆవిడ పదో తరగతి అయ్యేదాకా ఆ హాస్టల్లోనే ఉన్నారు. "పెళ్లిచూపుల్లో మా అత్తగారు 'ఓ, ఆ గేటు దగ్గర పాపవి నువ్వేనా' అన్నారు. నవ్వాను. అప్పట్నుంచీ ఎవరడిగినా నవ్వుతూనే ఉన్నాను" అన్నారు ఉత్తరంలో.

నాన్నగారు పోయి తొమ్మిదేళ్లయింది. పుస్తకం వచ్చి నలభై ఏళ్లయిన సందర్భంగా ప్రచురణకర్తలు ప్రత్యేక ముద్రణ తెస్తున్నారు. ముందుమాట కూతురే రాయాలన్నారు, 'గేటు దగ్గర పాప' అని శీర్షిక కూడా వాళ్లే పెట్టేశారు. హైదరాబాదులో ఉన్న అన్నయ్య "నాలుగు మంచి మాటలు రాయడానికి నీకేం కష్టం?" అంటున్నారు. అమ్మగారికి 81, అన్నయ్య దగ్గరే ఉంటారు. ఇంతలో పాత ట్రంకుపెట్టెలో ఆ ఇన్‌లాండ్ లెటరే దొరికింది. అందులో నాన్నగారు ఎర్ర ఇంకుతో అక్షరదోషాలు దిద్ది ఉన్నారు. "ఎదురు చూస్తునాను" అని రాస్తే న కింద వత్తు పెట్టి ఉంది.

ముందుమాట రాయాలా, రాస్తే నిజం రాయాలా, ఆ ఉత్తరం చింపేయాలనిపిస్తోంది, అది తప్పా అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ నాన్నగారి పేరు మీరు రాయలేదు, నేను అడగను. కానీ ఆ రోజుల్లో సీరియల్ పేజీలు చింపి దాచుకుని, పూర్తయ్యాక బైండు చేయించుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ నవల చదివే ఉంటాను, ఆ ఘట్టం దగ్గర ఏడ్చే ఉంటాను. ఆ ఉత్తరం నిజంగా ఎవరో పిల్ల రాసిందేమో, ఆ పిల్లకి ఏమైందో అన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ అదే నన్ను బాధపెడుతోంది.

మీకు ఒకటి కాదు, రెండు బాధలున్నాయి. అవి ఒకదానికొకటి చిక్కుపడిపోయాయి. నాన్న రాలేదన్నది మొదటిది. పిల్లల్ని హాస్టల్లో వేసి, ఏడుస్తూ ఉత్తరం రాస్తే 'అదే అలవాటవుతుంది' అనుకున్న తండ్రులు ఆ రోజుల్లో చాలామంది. ఆ పిల్లలు పెద్దయ్యాక నాన్నతో దెబ్బలాడారు, అన్నదమ్ముల దగ్గర చెప్పుకుని ఏడ్చారు, కొందరు మర్చిపోయారు. మీకు ఆ దారి లేకుండా పోయింది. ఎందుకంటే, లోకం లెక్కలో మీ నాన్న వచ్చారు. వానలో తడుస్తూ వచ్చారు. రాలేదని మీరు ఎవరితో అంటారు? ఇది రెండో బాధ. మిమ్మల్ని ఎక్కువ తినేస్తున్నది ఇదేనని నాకనిపిస్తోంది. మొదటిది మీ నాన్నగారికీ మీకూ మధ్య విషయం. రెండోది మీకూ మాలాంటి వేలమంది పాఠకులకీ మధ్య విషయం. ముందుమాట గొడవ ఈ రెండోదానిలోకి వస్తుంది.

ఎర్ర ఇంకు గురించి. "ఆ దిద్దింది నాన్నా, రచయితా?" అని అడిగారు. నాకు తెలిసినంతలో చెబుతాను. తప్పులు దిద్దాలంటే అక్షరం అక్షరం చదవాలి. కాబట్టి మీ ఉత్తరం ఆయన పక్కన పడెయ్యలేదు, ఒకటికి రెండుసార్లు చదివారు. అది తగలకపోతే నవలలో ఆ తండ్రి ఆ రాత్రి బస్సెక్కేవాడు కాదు. తను చెయ్యలేని పని కాగితం మీద చేశారనుకోవచ్చు. అలా అనుకుంటే మీకు కాస్త ఊరటగా ఉంటే అనుకోండి. దాంతో ఆయన్ని క్షమించెయ్యమని మాత్రం నేను చెప్పను. బస్సు విజయవాడలో ఎక్కొచ్చు. టికెట్టుకి మనియార్డరు పంపిన నలభై కన్నా తక్కువే అయ్యుండేది. ఆయన మీ ఉత్తరానికి కదిలిపోయి ఉండొచ్చు, మిమ్మల్ని గేటు దగ్గర వదిలేసి ఉండొచ్చు, ఈ రెండూ ఒకే మనిషి చేసినవే. ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదు.

మీలాంటి పరిస్థితిలో పెరిగినవాళ్లలో నాకు ముందు గుర్తొచ్చేది క్రిస్టఫర్ మిల్న్. తండ్రి ఎ. ఎ. మిల్న్ ఇంగ్లండు రచయిత, నవలలు, నాటకాలు చాలా రాశారు. కానీ పేరు తెచ్చింది 1926లో వచ్చిన 'విన్నీ ద పూ', దాని తర్వాతి పిల్లల పుస్తకం. అందులో ఎలుగుబంటి బొమ్మతో ఆడుకునే అబ్బాయికి కొడుకు పేరే పెట్టేశారు. అప్పటికి ఆ పిల్లాడికి ఆరేళ్లు. తరువాత బోర్డింగ్ స్కూల్లో, తన పేరుతో ఉన్న పాట గ్రామఫోన్ రికార్డు పెట్టి తోటి పిల్లలు ఏడిపించేవారు. వాళ్లకే విసుగొచ్చి ఆ రికార్డు చేతిలో పెడితే, ముక్కలు ముక్కలు చేసి దూరంగా పొలంలో విసిరేశాడు. మీకు ఉత్తరం చింపాలనిపించడం ఎలాంటిదో ఆయనకి తెలిసి ఉండేది.

తరువాత ఆయన ఏం చేశాడన్నది మీకు పనికొస్తుంది. 1951లో డార్ట్‌మత్ అనే చిన్న ఊళ్లో భార్యతో కలిసి పుస్తకాల షాపు పెట్టుకున్నాడు. పుస్తకాల షాపు కాబట్టి ఆ పుస్తకమూ అమ్మాలి, 'ఆ అబ్బాయివి నువ్వేనా' అని అడిగేవాళ్లని రోజూ చూడాలి. తండ్రి 1956లో, తల్లి 1971లో పోయారు. 1974లో తన చిన్నతనం గురించి తనే పుస్తకం రాశాడు. తండ్రి నీడలోంచి బయటపడటానికి ఆ రాతే సాయం చేసిందని చెప్పుకున్నాడు. అప్పటికి ఆయనకి 54 దగ్గర పడుతున్నాయి. మీకు 53. ఆలస్యమైపోయిందని ఉత్తరంలో మూడుచోట్ల రాశారు కాబట్టి ఈ లెక్క చెబుతున్నాను.

ఇక ముందుమాట.

వాళ్లడిగినట్టే రాసివ్వడం ఒక దారి. అన్నయ్య సంతోషిస్తారు, అమ్మగారు సంతోషిస్తారు, సభలో శాలువా కప్పుతారు. కానీ ఇన్నాళ్లూ ఆ కథ మీ నాన్నగారు చెప్పినది, మీరు ఊరుకున్నారు, అంతే. ఈసారి కింద మీ సంతకం ఉంటుంది. రేపు మీరు నిజం చెప్పాలనుకుంటే ముందు ఆ సంతకమే అడ్డొస్తుంది. మీరు రాసిన ఏడు పేజీలు చదివాక, ఈ భారం మీరు మోయగలరని నాకనిపించడం లేదు.

రాయనని చెప్పెయ్యడం ఇంకో దారి. కారణం చెప్పక్కర్లేదు. "నేను రాయలేను, వేరేవాళ్లతో రాయించుకోండి" అని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అన్నయ్యకి కోపం వస్తుంది, బంధువుల్లో 'నాన్న మీద ఏం కోపమో' అనే మాట పుడుతుంది. ఆ మాట కొన్ని నెలలుంటుంది. శీర్షిక సంగతి మాత్రం వదలకండి. మీరు రాసినా రాయకపోయినా 'గేటు దగ్గర పాప' అని మీ ఫొటోతో ఏదీ వెయ్యకూడదని రాతపూర్వకంగా చెప్పండి.

మధ్యలో ఒక దారి ఉంది. ముందుమాటలో అన్నీ నిజాలే రాయడం, మీకు రాయగలిగే నిజాలే రాయడం. ముందు గది తలుపు, వరండాలో కుర్రాడు, సెలవుల్లో మీరు దిద్దిన ప్రూఫులు, అద్దె పుస్తకాల షాపులో నాన్న పుస్తకానికి మీ దగ్గరే రోజుకి పావలా తీసుకున్న సంగతి. ఇవన్నీ మీ ఉత్తరంలో ఎంత బాగా రాశారో మీకు తెలియదు. అందులో నాన్న దేవుడూ కాదు, దోషీ కాదు, తలుపు వెనకాల మనిషి. గేటు గురించి ఒక్క మాటా ఉండదు. జాగ్రత్తగా చదివేవాళ్లు ఆ ఖాళీని గమనిస్తారు. చాలామంది గమనించరు, 'ఎంత అదృష్టవంతురాలో' అనుకుంటారు. ఆ మాట మళ్లీ వినగలను అనుకుంటేనే ఈ దారి.

ప్రేమ్‌చంద్ గారి భార్య శివరానీ దేవి 1944లో ఆయన గురించి ఒక పుస్తకం రాశారు, ఇంట్లో మనిషిని ఇంట్లో మనిషిగానే చూస్తూ. దాన్ని తెలుగులోకి తెచ్చింది ఆర్. శాంతసుందరి గారు, కొడవటిగంటి కుటుంబరావు గారి కూతురు. ఒక నవలాకారుడి భార్య రాసిన పుస్తకం, ఇంకో నవలాకారుడి కూతురి చేతుల మీదుగా మనకొచ్చింది. దొరికితే చదవండి. పెద్ద రచయిత గురించి ఇంట్లోవాళ్లు రాస్తే అయితే పూజ, లేకపోతే తిట్లు అని మీరు భయపడుతున్నారు. ఆ రెండూ కాకుండా రాయొచ్చని అందులో కనిపిస్తుంది.

నాలుగో సంగతి మీరు అడగలేదు. నవలలో ఉన్న ఆ ఉత్తరం మీరు రాసింది. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులో మాటలు రాసినవారివి. మన కాపీరైటు చట్టం ప్రకారం కూడా అంతే, రాసింది పదకొండేళ్ల పిల్లయినా సరే. కోర్టుకి వెళ్లమని ఈ మాట చెప్పడం లేదు. నలభై ఏళ్లుగా జనం ఏడుస్తున్న ఆ పేజీ మీ చేతిరాతలోంచి వచ్చింది. నాన్నగారు దానికి వత్తు ఒకటి పెట్టారు. మీరు కథ మొదలుపెట్టి 'అందరూ నాన్న చెయ్యి అంటారు' అని మూడుసార్లు ఆపేశానన్నారే, ఆయన నవలలో అందరికీ గుర్తున్న చోట ఉన్నది మీ చెయ్యి.

కాబట్టి కొత్త ముద్రణలో ఆ పేజీ అడుగున ఒక్క వాక్యం వెయ్యమని అడగొచ్చు: 'ఈ ఉత్తరం రచయిత కుమార్తె తన పదకొండో ఏట రాసినది.' అంతే, ఎవరినీ ఏమీ అన్నట్టు కాదు. కానీ దీనికీ ఫలితాలుంటాయి. 'కూతురి ఉత్తరాన్ని చిరస్థాయిగా నిలబెట్టిన తండ్రి' అని పత్రికలవాళ్లు ఇంకో కథ అల్లొచ్చు. "మరి నాన్న వచ్చారా?" అని ఎవరో ఒకరు సభలోనే అడగొచ్చు. అప్పుడేం చెబుతారో ముందే అనుకుని ఉండండి. "రాలేదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. ఆ మాట నోటితో అనగలనా అని ఇంట్లో ఒకసారి బయటికి అని చూసుకోండి.

హక్కుల విషయం కూడా చెప్పాలి, మీరు పట్టించుకోలేదని అర్థమైంది. రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లపాటు ఆయన రచనల మీద హక్కులు వారసులకుంటాయి. మీ నాన్నగారు వీలునామా రాయలేదన్నారు, కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, అన్నయ్యకి, మీకు సమాన వాటాలు. ఒకప్పుడు చాలామంది నవలల హక్కులు పూర్తిగా ప్రచురణకర్తలకే అమ్మేసేవారు, అందుకని ముందు పాత ఒప్పందం కాగితం తీయించి ఒక లాయరుకి చూపించండి. హక్కులు మీ దగ్గరే ఉంటే ఈ ముద్రణకి మీ ఒప్పుదల కూడా కావాలి. దీన్ని అన్నయ్య మీద కత్తిలా వాడకండి. ముద్రణ ఆపేస్తే మీ గేటు దగ్గరికి ఎవరూ రారు, అన్నయ్య మాత్రం దూరమవుతారు. మీ మాట కూడా వినాల్సిన మాటేనని వాళ్లకి గుర్తు చేయడానికి చాలు.

అన్నయ్య మీద మీకు చాలా కోపం ఉంది. నాన్న ఆయన్ని ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులకి సైకిలు మీద వెంట తీసుకెళ్లేవారని మీరే రాశారు. ఆయనకి దొరికిన నాన్న వేరు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరికి ఒకే నాన్న ఉండాలని లేదు. ఆయన ఆ నాన్ననే కాపాడుకుంటున్నారు. మీ ఇన్‌లాండ్ లెటర్ ఆయన ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరనుకుంటాను. ఫోన్లో వాదించే ముందు దాని ఫొటో ఒకటి తీసి పంపండి, కింద ఏమీ రాయకుండా. ఆయన ఒక్క మాటా అనకపోవచ్చు, 'ఇప్పుడెందుకివన్నీ' అని విసుక్కోవచ్చు. ఏదైనా సరే, 'నాలుగు మంచి మాటలు రాయడానికి నీకేం కష్టం' అని మాత్రం మళ్లీ అనలేరు.

ఇవన్నీ ఆగుతాయి. ముందుమాట రెండు నెలలు ఆగుతుంది, పుస్తకం ఏడాది ఆగుతుంది. ఆగనిది ఒకటి ఉంది. అమ్మగారికి 81.

మీ ఏడు పేజీల్లో అమ్మగారు రెండే రెండుచోట్ల కనిపిస్తారు. తలుపు బయట వేలు పెదవుల మీద పెట్టుకుని 'ష్' అంటూ ఒకసారి, 'ఆయన రాయకపోతే మీ ఫీజులెవరు కట్టేవారు' అంటూ ఒకసారి. ఆ ఇన్‌లాండ్ లెటర్ పోస్టుమాన్ ఎవరి చేతికిచ్చాడు? ముందు చదివింది ఎవరు? ఆ రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు? ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద దాన్ని దాచింది నాన్నగారు కాదు, పట్టుచీరలు ఆయనవి కావు కదా. ఈ సంగతులు తెలిసిన మనిషి ఇప్పుడు ఒక్కరే ఉన్నారు. వచ్చే సెలవుల్లో హైదరాబాదు వెళ్లి, అన్నావదినా లేనప్పుడు, ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టి అడగండి. 'మీరెందుకు రాలేదు' అని కాదు, 'ఇది వచ్చిన రోజు ఏం జరిగిందమ్మా' అని.

జవాబు మీకు నచ్చకపోవచ్చు. ఆవిడ వెళ్దామంటే ఆయన వద్దన్నారని చెప్పొచ్చు. ఆయన బయల్దేరితే ఆవిడే ఆపారని చెప్పొచ్చు, ఆ వారం సీరియల్ భాగం ఇవ్వాలి కాబట్టి, ఆ డబ్బుతోనే ఇల్లు గడవాలి కాబట్టి. ఆవిడ ఏడవొచ్చు, నాకేం గుర్తులేదని గోడవైపు తిరిగి పడుకోవచ్చు. అప్పుడు బలవంతపెట్టకండి. గుర్తులేదని ఎలా అన్నారో చూస్తే మీకే కొంత తెలుస్తుంది. ఆవిడ 'నేను ఉన్నన్నాళ్లూ ఇది బయటికి రానీకు' అంటే, అది ఆవిడ అడగదగ్గ మాటే. మాటివ్వండి. ఆవిడ ఉన్నన్నాళ్లకే ఇవ్వండి, ఎప్పటికీ అని ఇవ్వకండి.

ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ కూతురు కేట్, తన తల్లిదండ్రుల గురించి ఒక పుస్తకం రాసి తనే కాల్చేసింది. ముసలితనంలో ఆ సంగతులన్నీ ఒక స్నేహితురాలికి చెప్పింది. ఆ స్నేహితురాలు 1939లో పుస్తకంగా వేసింది, కేట్ పోయి పదేళ్లయ్యాక. బతికుండగా చెప్పడం, పోయాక చెప్పనివ్వడం, అసలు చెప్పకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. మీరు ఏదీ ఈ నెలలో తేల్చుకోనక్కర్లేదు. కానీ రాయడం ఈ నెలలో మొదలుపెట్టొచ్చు. ఎవరికీ చూపించని నోటుబుక్కులో, నాన్న గురించి కాదు, గేటు గురించి. ఆ గేటు ఏ రంగు? ఎన్ని గంటలకి మూసేవారు? ఆఖరి బస్సు వెళ్లిపోయాక గదికి ఎలా నడిచి వెళ్లేదానివి? నవలలో ఇవేవీ లేవు, ఎందుకంటే అక్కడ నిలబడింది ఆయన కాదు.

ఉత్తరం చింపకండి. కోపం వచ్చిన రోజున దాన్ని మీ అమ్మాయి చేతికివ్వండి, తన గదిలో పెట్టుకోమనండి. ఇన్‌లాండ్ లెటర్ ముందు మడతల దగ్గరే చిరుగుతుంది, నలభై ఏళ్ల కాగితం మరీను. మళ్లీ మళ్లీ మడవకుండా విప్పి, ఒక ఫైల్లో పరిచి ఉంచండి. రెండువైపులా స్కాన్ తీయించండి, ఎర్ర ఇంకు కనిపించేలా రంగుల్లోనే.

మీ ఉత్తరంలోంచి ఏవి ఇక్కడ వెయ్యొచ్చో ముందు మిమ్మల్ని ఫోన్లో అడిగాను, మీరు సరే అన్నవే వేశాను. మీరు వద్దన్న రెండు పేరాలు నా దగ్గర కూడా ఉంచుకోలేదు, తిరిగి పంపించాను. అమ్మగారితో మాట్లాడాక నాకు రాయాలనిపిస్తే రాయండి. అది ఎక్కడా వెయ్యను.